బర్తరఫు అయినవాడు అడగవలసిన కాగితాలు

పోయిన నెలలో ఒక బుధవారంనాడు, పగలు పదకొండు గంటల వేళ, మా వీధి కొసన ఉండే అబ్బాయి వచ్చి మా జగలి మీద కూర్చున్నాడు. (అరుగు అని వ్రాయవలసినది. కాని మా బెంగుళూరు తెలుగు ఇళ్ళలో జగలి అంటేనే పిల్లలకు తెలుస్తుంది.) ఆ వేళకు ఆఫీసులో ఉండవలసినవాడు. ప్రక్కన పెట్టిన టిఫిను డబ్బా మూత ఇంకా తీయలేదు.

"ఏమప్పా, ఒంట్లో బాగుండలేదా?" అన్నాను.

"పనిలోనుంచి తీసేసినారు మామా" అన్నాడు, వీధివైపు చూస్తూ.

సరకుల రవాణా చేసే ఒక కంపెనీలో ఏడేండ్లుగా లెక్కలు వ్రాస్తున్నాడు. ఆ ఉదయం మేనేజరు గదిలోకి పిలిచి, ముందే అచ్చొత్తి ఉంచిన ఒక కాగితం చేతికిచ్చినారట. "నా సొంత కారణాలవల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని అందులో ఉన్నది. సంతకం చేస్తే మర్యాదగా రిలీవింగు లెటరు ఇస్తామన్నారు. చేయకపోతే "తీసివేసినాము" అని వ్రాస్తాము, ఆ తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ నిన్ను పనిలో పెట్టుకోరు అన్నారు. అబ్బాయి ఒక్క దినం గడువు అడిగి, కాగితం జేబులో పెట్టుకొని వచ్చినాడు. ఆ ఒక్క దినం అడగడమే వాడు చేసిన తెలివైన పని.

ఈలోగా వాళ్ళమ్మ వెనుకనే వచ్చింది. "పెట్టేస్తే పోతుంది గదన్నా? ఉద్యోగం వీడే మానేసినాడని అందరికీ చెప్పుకోవచ్చు. రేపు సంబంధం వాళ్ళు అడిగితే తీసేసినారని ఏ నోటితో చెప్పేది?" అన్నది.

ఆమె మాటను నేను తీసిపారవేయలేను. మనం ఊరు విడిచి ఇక్కడికి వచ్చి నాలుగైదు తరాలైనా, ఉద్యోగం పోవడమంటే ఇంట్లో ఎవరో తప్పు చేసినట్టే తల వంచుకుంటాము. ఆ తల వంచుకోవడంలోనే కాగితాలు అడగడం మరచిపోతాము. ఈ సంగతి నాకు రెండు వైపులనుంచీ తెలుసును. 1978 నుంచి 2009 దాకా ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో కూర్చుని ఇటువంటి కాగితాలు టైపు చేసినవాణ్ణి నేనే. అంతకు ముందు, అటువంటి కాగితం లేని ఇంట్లో పెరిగినవాణ్ణీ నేనే.

మా నాయన 1947లో ఒక నూలు మిల్లులో చేరినాడు. 1958లో మేస్త్రీతో మాటామాటా వచ్చి, "రేపటినుంచి రావద్దు" అన్నారు. అంతే. వ్రాత లేదు, విచారణ లేదు. మా నాయన పౌరుషం గల మనిషి. మళ్ళీ ఆ గేటు తొక్కనని ఇంటికి వచ్చి కూర్చున్నాడు. మూడు నెలల తర్వాత ఇంకొక మిల్లుకు పనికోసం వెళితే, "పదకొండేండ్లు ఎక్కడ పని చేసినావు, దాఖలా చూపించు" అన్నాడట అక్కడి గుమాస్తా. మా నాయన దగ్గర ఉన్నదల్లా గేటులో చూపే ఇత్తడి బిళ్ళ. దాని మీద అంకె ఉన్నది, పేరు లేదు. "బిళ్ళ ఎవరిదైనా కావచ్చును" అన్నాడట గుమాస్తా. అతడు తప్పు మాట అనలేదు. మా నాయన తక్కిన బ్రతుకంతా ఒక గుడ్డల కొట్టులో రోజుకూలి మీద మూటలు కట్టినాడు.

1952లో ప్రావిడెంటు ఫండు చట్టం వచ్చినప్పుడు మొదట దాని క్రిందికి తెచ్చిన ఆరు పరిశ్రమలలో నూలు మిల్లులూ ఉన్నవి. అంటే ఆరేండ్లపాటు మా నాయన జీతంలోనుంచి పట్టిన డబ్బు ఎక్కడో ఒక పద్దులో ఉండవలె. ఖాతా నంబరు వ్రాసిన చీటీ ఇంట్లో ఎన్నడూ లేదు. ఆయన పోయిన తర్వాత పెట్టె వెదికితే బిళ్ళ దొరికింది. అప్పటికి మిల్లే లేదు. అన్నిటికంటె బాధ ఏమిటంటే, ఆనాటికే చట్టం ఉన్నది. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం క్రింద కేంద్ర ప్రభుత్వం చేసిన నమూనా నియమావళిలో, శాశ్వత కార్మికుణ్ణి బర్తరఫు చేసినా, తొలగించినా, అతడే విరమించినా సర్వీసు సర్టిఫికెట్టు పొందే హక్కు ఉన్నదని 16వ అంశంగా వ్రాసి ఉన్నది. బర్తరఫు అయినవాడికి కూడా అని ప్రత్యేకించి వ్రాసినారు చూడండి. ఆ మాట మా నాయనకు చెప్పినవాడు లేడు. నేను టైమాఫీసులో చేరిన మొదటి వారంలో ఆ పుట చదివి, ఆ పూట అన్నం తినలేకపోయినాను.

కనుక ఆ తల్లికి కథ చెప్పి, కొడుకుతో, "సంతకం పెట్టవద్దు. ముందు ఆ కాగితం ఏమిటో తెలుసుకో" అన్నాను.

రాజీనామా వేరు, తీసివేత వేరు. తీసివేస్తే వాళ్ళకు కొన్ని బాధ్యతలు వస్తవి. కర్ణాటకలో 1961 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 39వ సెక్షను ప్రకారం, ఆరు నెలలకు తక్కువ కాకుండా వరుసగా పని చేసినవాణ్ణి సరియైన కారణం లేకుండా తీసివేయరాదు. ఒక నెల ముందు నోటీసు గాని, దానికి బదులు జీతం గాని ఇవ్వవలె. దుష్ప్రవర్తన అని విచారణ జరిపి, సాక్ష్యం నమోదు చేసి తేల్చినప్పుడే ఆ నోటీసు అక్కరలేదు. తీసివేత అన్యాయమని తోస్తే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చును. తమిళనాడులో 1947 నాటి చట్టం 41వ సెక్షను కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పుతుంది. మహారాష్ట్రలో, ఒడిశాలో, యానాంలో ఉన్న మనవాళ్ళు తమ తమ ప్రాంతపు దుకాణాల చట్టం చూచుకోవలె. అన్నీ ఒక్క అచ్చులో పోసినవి కావు. కాని "సొంత కారణాలవల్ల మానుకుంటున్నాను" అని నీవే వ్రాసిచ్చిన తర్వాత ఇవేవీ లేవు. నిన్ను ఎవరూ తీయలేదు గదా! బలవంతాన వ్రాయించినారని తర్వాత మొరపెట్టుకుంటే, ఋజువు చేయవలసిన బరువు నీ నెత్తిమీదనే పడుతుంది.

ఎప్పుడూ రాజీనామా ఇవ్వవద్దని నేను అనను. ఇంకొక చోట పని సిద్ధంగా ఉండి, రావలసిన డబ్బంతా ముందుగా లెక్క కట్టి చేతికిస్తే, మర్యాదగా విడిపోవడం కొందరికి మంచిదే. కాని ఆ కాగితం నీ మాటలతో, నీ షరతులతో ఉండవలె. వాళ్ళు అచ్చొత్తినదాని మీద భయంతో పెట్టిన సంతకం ఎవరికి మేలు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అబ్బాయి అడిగిన రెండవ ప్రశ్న: "మామా, తీసేసినవాడికి వాళ్ళు సర్టిఫికెట్టు ఇచ్చి తీరవలెనా?"

ఇక్కడ రెండు కాగితాలను మనవాళ్ళు కలిపివేస్తారు. ఒకటి సర్వీసు సర్టిఫికెట్టు: ఫలానావాడు ఫలానా తేదీనుంచి ఫలానా తేదీ దాకా ఫలానా హోదాలో పని చేసినాడు, అంతే. రెండవది నడవడి బాగుండెను, సమర్థుడు, ఎక్కడికి పోయినా పైకి రావలెనని ఆశీర్వదిస్తున్నాము అనే పొగడ్త కాగితం. పొగడ్తను ఏ చట్టమూ ఇప్పించలేదు. అడగడం కూడా మర్యాద కాదు. తేదీల కాగితం వేరు. పెద్ద ఫ్యాక్టరీలలో స్టాండింగ్ ఆర్డర్ల మూలకంగా అది హక్కుగా వచ్చినది. ఇప్పుడు ఆ 1946 చట్టం లేదు; దాని స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21నుంచి అమలుకు వచ్చింది. దాని ప్రకారం స్టాండింగ్ ఆర్డర్లు 300 మంది, అంతకు పైబడి కార్మికులున్న చోటికే. అంతకంటె చిన్న కంపెనీలలో నియామకపు ఉత్తర్వులో ఏమి వ్రాసి ఉన్నదో అది చూడవలె. అందులో లేకపోయినా తేదీల కాగితం అడగవలసిందే. ఉన్న నిజం వ్రాసి ఇమ్మంటే కాదనడానికి వాళ్ళకు కారణం దొరకదు. వ్రాతలో అడిగినప్పుడు మరీ దొరకదు. ఇవ్వకపోతే నియామకపు ఉత్తర్వు, జీతం చీటీలు, ప్రావిడెంటు ఫండు పద్దు మూడూ కలిసి ఆ పని చేస్తవి. జీతం చీటీ ఇవ్వడం వేతనాల కోడ్ ప్రకారం యజమాని బాధ్యత.

ఆ కోడ్‌లోనే ఇంకొక మంచి మాట ఉన్నది. తీసివేసినా, తానే మానుకున్నా, కంపెనీ మూతపడ్డా, రావలసిన జీతం రెండు పనిదినాలలో చెల్లించవలె. 1936 నాటి పాత చట్టంలో యజమాని తీసివేసినప్పుడే ఈ రెండు దినాల నియమం ఉండేది. ఇప్పుడు మానుకున్నవాడికీ వర్తిస్తుంది. "మూడు నెలలకు లెక్క తేలుస్తాము" అనే మాటను చాలా కంపెనీలు ఇంకా విడువలేదు. వాళ్ళకు ఈ సెక్షను మర్యాదగా గుర్తు చేయవచ్చును.

గ్రాట్యుటీ సంగతి చెప్పగానే అబ్బాయి ఆశ్చర్యపోయినాడు. "తీసేసినవాడికి గ్రాట్యుటీ ఎక్కడిది మామా?" అన్నాడు. ఎందుకు లేదు? అయిదేండ్లు నిండినవాడికి, ఉద్యోగం ఏ రీతిగా ముగిసినా, ఏడాదికి పదిహేను దినాల వేతనం చొప్పున రావలె. నెలను 26 దినాలుగా లెక్క కడతారు. వాడికి చట్టం లెక్కలోకి వచ్చే వేతనం 26,000 అనుకుందాము: పదిహేను దినాలకు 15,000, ఏడేండ్లకు 1,05,000 రూపాయలు. కంపెనీకి నష్టం కలిగించినందుకు తీసివేస్తే ఆ నష్టం మేరకు పట్టుకోవచ్చును. దౌర్జన్యం, పని సందర్భంలో చేసిన నీతిబాహ్యమైన నేరం వంటివాటికి తీసివేస్తే మొత్తం గాని కొంత గాని ఆపవచ్చును. "పనితీరు బాగా లేదు" అన్నందుకు ఆపడానికి వీలు లేదు. లక్ష రూపాయల మాట విన్న తర్వాత వాళ్ళమ్మ సంబంధాల ప్రసక్తి మళ్ళీ ఎత్తలేదు.

ప్రావిడెంటు ఫండు విషయంలో మాత్రం కాలం మనవైపు తిరిగింది. 2014నుంచి ప్రతి సభ్యుడికీ బ్రతుకంతా ఒకటే యు.ఏ.ఎన్. నంబరు. కంపెనీ మారినా అది మారదు. విడిచిన తేదీని కంపెనీవాళ్ళు నమోదు చేయవలె; చేయకుండా ఏడిపించేవాళ్ళు ఉన్నారని, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే ఆ తేదీ వ్రాసుకొనే వీలు 2020 జనవరిలో కల్పించినారు. డబ్బు చేతికి వస్తుంది గదా అని వెంటనే తీసివేయవద్దని వాడికి గట్టిగా చెప్పినాను. పింఛనుకు పదేండ్ల సర్వీసు కావలె. ఏడేండ్లు అయినవి, తర్వాతి చోట మూడేండ్లు కలిస్తే పది. నడుమ తీసుకుంటే మళ్ళీ ఒకటినుంచి లెక్క. మా నాయన ఇత్తడి బిళ్ళ ఇప్పుడు నా బీరువాలో ఉన్నది. తీసి చూపించి మరీ చెప్పినాను.

జీతంలో ఆదాయపు పన్ను పట్టి ఉంటే దాని సర్టిఫికెట్టు, అందరూ ఫారం 16 అని పిలిచేది, మానివేసిన ఉద్యోగికి కూడా ఇవ్వవలె. ఇది పెద్ద చిక్కు కాదు.

పెద్ద చిక్కు వాడు చివరికి చెప్పినాడు. చేరిన దినాన వాడి డిగ్రీ పట్టా, పదవ తరగతి సర్టిఫికెట్టు అసలువి తీసుకొని కంపెనీ బీరువాలో పెట్టినారట. మన పిల్లలు ఈ తప్పు ఎందుకు చేస్తారో నాకు తెలియదు. ఇల్లు తాకట్టు పెట్టేటప్పుడు పదిమందిని అడుగుతారు. పదిహేనేండ్ల చదువును ఒక్క రసీదు లేకుండా ఎవరి చేతిలోనో పెట్టి వస్తారు. చదువు సర్టిఫికెట్టు బజారులో అమ్ముకొనే సరుకు కాదు గనుక, బాకీకి జామీనుగా దానిని పట్టి ఉంచే హక్కు లేదని మద్రాసు హైకోర్టు చెప్పి ఉన్నది. నోటీసు కాలపు జీతం బాకీ ఉన్నా, ఇంకేదైనా తగవు ఉన్నా అది వేరుగా తేల్చుకోవలసినది.

విచారణ జరిపి తీసివేసినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఆరోపణపత్రం, తామిచ్చిన సంజాయిషీ నకలు, సాక్షుల వాంగ్మూలాలు, విచారణాధికారి నివేదిక అన్నీ దగ్గర పెట్టుకోవలె. ఈ నివేదిక సంగతి తేలినది మన హైదరాబాదు కేసులోనే. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు, కరుణాకర్ అనే ఉద్యోగికి నడిచిన వ్యాజ్యంలో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, శిక్ష వేయకముందే విచారణాధికారి నివేదిక నకలు ఉద్యోగికి ఇచ్చి అతని మాట వినవలెనని తీర్పు చెప్పింది. సర్కారు సంస్థ అయినా, ప్రైవేటుదైనా అదే మాట. నివేదిక చూపకుండా బర్తరఫు చేస్తే, అది చేతికి రానందువల్ల తనకు కలిగిన నష్టమేమిటో ఉద్యోగి కోర్టుకు చూపించవలె. కార్మికుడి కోవలోకి వచ్చేవాడు లేబరు శాఖ రాజీ అధికారి దగ్గరికి పోవడానికి మునుపు మూడేండ్ల గడువు ఉండేది. కొత్త కోడ్‌లో అది రెండేండ్లు. దుకాణాల చట్టం క్రింది అప్పీలు గడువు ఇంకా చాలా చిన్నది. ఉత్తర్వు అందిన వారంలోనే వకీలును చూడవలె.

ఆ సాయంకాలం మా జగలి మీదనే ఉత్తరం వ్రాసినాము. అబ్బాయి ఇంగ్లీషులో వ్రాసినాడు, నేను దిద్దినాను, వాళ్ళమ్మ కోసం తెలుగులో చదివి వినిపించినాను. సారాంశం ఇంతే: "నేను రాజీనామా చేయలేదు. నన్ను తీసివేయదలచినచో ఆ ఉత్తర్వును కారణంతో, తేదీతో వ్రాతమూలకంగా ఇప్పించగలరు. నా సర్వీసు తేదీలు, హోదా తెలిపే సర్టిఫికెట్టు, చివరి జీతం లెక్క, నోటీసు జీతం, గ్రాట్యుటీ, తమవద్ద ఉన్న నా అసలు సర్టిఫికెట్టులు ఇప్పించగలరు." కోపపు మాట ఒక్కటి లేదు. వాడు మేనేజరును గురించి రెండు వాక్యాలు వ్రాసినాడు. అవి నేనే కొట్టివేసినాను. ఆ వాక్యాలు నిజమే కావచ్చును గాని, రేపు అధికారి ముందు చదవవలసిన ఉత్తరంలో వాటికి చోటు లేదు.

మరునాడు నకలు మీద ముద్ర వేయమంటే ఆఫీసులో వేయలేదు. అందుకని తపాలాలో పంపినాము. మనం పుట్టినప్పటినుంచి ఎరిగిన రిజిస్టరు తపాలా 2025 సెప్టెంబరు 1నుంచి స్పీడు పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు స్పీడు పోస్టులోనే రిజిస్ట్రేషను, అందినట్టు ఋజువు కావాలని అడిగి రుసుము కట్టవలె. అదే ఉత్తరం వాడి సొంత ఈ-మెయిలునుంచి కూడా పంపినాడు. సొంతది అని ఎందుకంటున్నానంటే, కంపెనీ ఈ-మెయిలు ఆ బుధవారం మధ్యాహ్నానికే మూసివేసినారు. ఏడేండ్ల జీతం చీటీలు అందులోనే ఉండిపోయినవి. ఉద్యోగంలో ఉండగానే నెలనెలా మీ జీతం చీటీ మీ ఇంటికి తెచ్చుకోండి. మీ కాగితాలే సుమా. కంపెనీ లెక్కలు, ఖాతాదారుల జాబితాలు తెచ్చినారో, లేని ఆరోపణ మీరే చేతికిచ్చినవారవుతారు.

తొమ్మిదవ దినాన కవరు వచ్చింది. "పనితీరు తృప్తికరంగా లేనందున" అని ఉత్తర్వు. ఒక నెల నోటీసు జీతం, చివరి జీతం అదే వారంలో బ్యాంకులో పడ్డవి. మూడు వరుసల సర్వీసు సర్టిఫికెట్టు వచ్చింది. పొగడ్త లేదు, తెగడ్తా లేదు. అసలు సర్టిఫికెట్టులు ఆఫీసుకు వచ్చి తీసుకొమ్మన్నారు. అక్కడ "నాకు రావలసినదంతా ముట్టినది" అనే రసీదు మీద సంతకం అడిగినారట. సర్టిఫికెట్టులు మాత్రమే ముట్టినవని తన చేతితో వ్రాసి సంతకం చేసి వచ్చినాడు. ఇది నేను చెప్పినది కాదు, వాడికే తోచింది.

గ్రాట్యుటీ ఇంకా రాలేదు. తీసివేసిన తేదీనుంచి ముప్ఫై దినాలలో చెల్లించవలె. నేను ఇది వ్రాసేనాటికి పందొమ్మిది దినాలైనవి. అప్పీలు కాగితం వకీలు బల్లమీద ఉన్నది. ఈ మధ్య ఒక చోట ఇంటర్వ్యూకు పోతే, మునుపటి పని ఎందుకు విడిచినావని అడిగినారట. తీసివేసినారనే చెప్పి, సర్టిఫికెట్టు చూపించినాడట. ఇంకా జవాబు రాలేదు.

ప్రతి నెలా రెండవ ఆదివారం ఉదయం పదినుంచి పన్నెండు దాకా నేను సంఘం హాలులో ఉంటాను. ఇటువంటి కాగితాలు చూపించుకోవలసినవాళ్ళు రావచ్చును. అసలువి తేవద్దు, నకళ్ళు తెండి.